పై హాల్లో ప్రదర్శన, ఆలస్యమవుతున్న ఫ్రేములు, వెలిసిపోయే పసుపు

మా షాపుకు వచ్చేవాళ్లందరికీ నమస్కారం.

ఈ నెల మొదటి నుంచి షాపు పైనున్న హాల్లో గుడ్డ మీద చేత్తో వేసిన బొమ్మల ప్రదర్శన నడుస్తోంది. దానివల్ల ఫ్రేమ్ ఆర్డర్లు ఆలస్యమవుతున్నాయి. కొన్నిటి ధర మారింది. కొందరైతే బొమ్మ కొందామని వచ్చి, కొన్ని రంగులు వెలిసిపోతాయని నేను చెప్పింది విని ఆలోచించుకుంటామని వెళ్లిపోయారు. ఫోన్లో ఒక్కొక్కరికి చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు ఆర్డర్ల సంగతి. పెళ్లి ఫొటోలు, దేవుడి పటాలు, సన్మాన పత్రాలు మామూలుగా రెండు మూడు రోజుల్లో ఇచ్చేవాళ్లం. ఇప్పుడు వారం దాటుతోంది. కటింగ్ మిషన్ దగ్గరుండే మా కుర్రాళ్లు పైన బొమ్మలు చూపించే పనిలో ఉంటున్నారు. గృహప్రవేశం, పెళ్లిరోజు లాంటి తేదీ ఉంటే ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి, అది ముందు కడతాం. నెలాఖరుకు ప్రదర్శన అయిపోతుంది, తర్వాత మళ్లీ మామూలే.

ఆ హాలును ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు మంచి కిరాయికే అడిగారు. నేను ఇవ్వలేదు. ఎందుకో చెప్తాను. చిత్రకారుడు పి.టి. రెడ్డి పుట్టింది పాత కరీంనగర్ జిల్లా అన్నారంలో. తోట వైకుంఠం కూడా అదే జిల్లా, బూరుగుపల్లి. కాపు రాజయ్య సిద్దిపేట మనిషి. దేశమంతా పేరున్న ఇంతమంది చిత్రకారులు మన చుట్టుపక్కల ఊళ్ల నుంచే వచ్చారు. అయినా అసలు బొమ్మ ముందు నిలబడి చూడాలంటే మన పిల్లలు ఎక్కువగా హైదరాబాద్ బస్సెక్కాల్సిందే. నా కౌంటర్ మీదికి వచ్చే వైకుంఠం బొమ్మలన్నీ ప్రింట్లు, క్యాలెండర్ కాగితాలు. ప్రింటులో గీత తెలుస్తుంది, రంగు కూడా కొంతవరకు తెలుస్తుంది. దేంతో వేశారో, చేతికి ఎలా తగులుతుందో మాత్రం తెలియదు. ఆ తేడా హనుమకొండలోనే చూడగలిగే చోటు ఒకటి ఉండాలని నా కోరిక.

ప్రదర్శన పెట్టిన చిత్రకారిణి నర్సంపేట వైపు ఉంటారు. మేమందరం అక్కా అనే పిలుస్తాం. ప్రచారంలో తన పేరు, ఫొటో వద్దన్నారు కాబట్టి ఇక్కడ రాయడం లేదు. సాయంత్రాలు హాల్లోనే ఉంటారు, అడిగితే ఎంతసేపైనా చెప్తారు. బొమ్మల పక్కన ఉన్న చీటీల మీద కూడా పేర్లు ఉండవు, వాడిన సామాను మాత్రమే రాసి ఉంటుంది. కోరా గుడ్డ, చింతగింజల జిగురు, సుద్ద, ఎర్రమట్టి, దీపం మసి... ఇలా.

గుడ్డను తయారు చేసే పద్ధతి ఆమె చేర్యాలలో గుడ్డ మీద కథల పటాలు వేసే నకాషీ వాళ్ల పని చూసి నేర్చుకున్నారు. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు చేర్యాల సిద్దిపేటలో కలిసింది గానీ, మా తరానికి అది వరంగల్ జిల్లా ఊరే. అక్కడి పటాలకు ఖాదీ గుడ్డ వాడతారు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి, వడకట్టి తీసిన జిగురులో తెల్ల సుద్దమట్టి కలుపుతారు. దాన్ని గుడ్డకు పూసి ఆరబెట్టి, మళ్లీ పూసి ఆరబెడతారు. అప్పుడుగానీ గుడ్డ రంగు పట్టదు. కులపురాణాలు చెప్పేవాళ్లు ఊరూరా తిరుగుతూ చుట్టి విప్పే పటాలు కాబట్టి ఆ పూత విరగకూడదు, రాలకూడదు. అక్క చేర్యాల బొమ్మల్ని కాపీ కొట్టలేదు. ఆ ఎర్ర నేపథ్యం గానీ, ఆ ముఖాలు గానీ ఎక్కడా ఉండవు. తీసుకున్నది పునాది ఒక్కటే.

కొన్ని బొమ్మల్లో దారాలు పైకి లేచి కనిపిస్తాయి. అవి కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గాల దగ్గర మిగిలిపోయే పోగుల కొసలు. వరంగల్ జంపఖానాకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతానికే చెందిన వస్తువన్న గుర్తింపు వచ్చింది. ఆ పేరు అందరికీ తెలుసు, మగ్గం కింద మిగిలేది ఎవరికీ పట్టదు. ఆమె ఆ పోగులు కొనుక్కొచ్చి అదే చింతగింజల జిగురుతో గుడ్డకు అంటించి, వాటి మీద మట్టి రంగు వేశారు. దగ్గరికెళ్లి చూస్తే దుక్కి చాళ్లలా ఉంటాయి. నాకు అన్నిటికంటే నచ్చినవి అవే.

ఇక రంగులు. మీతో ముఖ్యంగా చెప్పాల్సింది ఇక్కడే ఉంది.

ఎర్రమట్టి రంగు పోదు. అందులో ఉన్నది ఇనుము తుప్పు లాంటి ఖనిజం, ఎండకు చెదరదు. భూపాలపల్లి జిల్లాలో పాండవుల గుట్టకు వెళ్లినవాళ్లకు తెలుసు, వేల ఏళ్ల కిందట రాతి మీద వేసిన ఎర్ర బొమ్మలు ఇంకా కనిపిస్తాయి. దీపం మసి కూడా అంతే. అది ఉత్త కార్బన్, దానికి వెలిసిపోవడం తెలియదు. పసుపు అలా కాదు. బట్ట మీద పడ్డ పసుపు మరక ఉతికితే పోదు గానీ ఎండలో ఆరేస్తే పోతుంది, ఇది ప్రతి ఇంట్లో తెలిసిన విషయమే. పసుపులో సున్నం కలిపితే వచ్చే పారాణి ఎరుపూ ఎక్కువ కాలం నిలవదు. చపాటా మిర్చి ఇంకొకటి. మన వరంగల్ చపాటాకు 2025లో జీఐ వచ్చింది. కారం తక్కువ, రంగు ఎక్కువ. ఆ రంగు నీళ్లలో దిగదు, నూనెలోనే దిగుతుంది. పల్లీ నూనె, కొబ్బరి నూనె గుడ్డ మీద ఆరవు కాబట్టి ఆమె అవిసె నూనెలో నానబెట్టి తీశారు. చూడ్డానికి అద్భుతంగా ఉంది. అదీ వెలుతురుకు పాలిపోతుంది.

ఇవన్నీ తెలిసే ఆమె పోయే రంగుల్ని, పోని రంగుల్ని ఒకే బొమ్మలో పెట్టారు. తంగేడు పూల బొమ్మ ఉంది. కొమ్మలు దీపం మసి, నేల ఎర్రమట్టి, పూలు పసుపు. కొన్నేళ్లకు పూలు పాలిపోయి కొమ్మలు, నేల మిగులుతాయి. అప్పటికి బొమ్మ పాడైనట్టు కాదు, అది అలా మారాలనే ఆమె వేశారు. బతుకమ్మను తీరొక్క పూలతో పేర్చి, సాయంత్రానికి చెరువులో వదిలే ఊరి నుంచి వచ్చిన మనిషి కదా, ఈ ఆలోచన ఆమెకు కొత్తేం కాదు.

అయితే కొనేవాళ్లకు ఇది ముందే తెలియాలి. అందుకే ప్రతి చీటీ మీద ఏ రంగు నిలుస్తుంది, ఏది పోతుంది అని రాయించాం. చూసినవాళ్లలో కొందరు "పోయే రంగుకు ఇన్ని పైసలా?" అని అడిగారు. అడగడం న్యాయమే. పోయే రంగని ధర తగ్గించలేదు, తగ్గించం కూడా. గుడ్డకు పూత వేయడానికి, ఆరబెట్టడానికి, రంగు తీయడానికి పట్టే శ్రమ రెండిటికీ ఒకటే. రంగు మారడం ఇష్టంలేనివాళ్లకు మట్టి, మసి బొమ్మలు ఉన్నాయి. అవి నిశ్చింతగా తీసుకోవచ్చు.

ఒక హోటల్ వాళ్లు పసుపు బొమ్మల్ని అక్రిలిక్ రంగులతో మళ్లీ వేసివ్వమని పెద్ద ఆర్డర్ తెచ్చారు. ఆమె ఒప్పుకోలేదు. నా మీద కూడా ఒత్తిడి పెట్టారు, ఒప్పించమని. నేను ఆమెను అడగలేదు. పసుపు తీసేస్తే అక్కడ ఆ బొమ్మే లేదు. ఆ ఆర్డర్ వచ్చుంటే హాలు ఖర్చు మొత్తం తేలిపోయేది, ఈ నెల లెక్క చూసుకుంటే కొంచెం టెన్షన్‌గానే ఉంది. ఇప్పటిదాకా అమ్ముడుపోయినవి కొన్నే. పెద్ద నగరాల గ్యాలరీల్లో సగం దాకా కమీషన్ తీసుకునేవాళ్లున్నారు. మేం తీసుకునేది నాలుగో వంతు, మిగతాదంతా ఆమెకే.

ఈ బొమ్మల వల్ల మా ఫ్రేమ్ పనిలోనూ మార్పు వచ్చింది. చింతగింజల జిగురు పిండి పదార్థం, తేమ తగిలితే బూజు పడుతుంది, వెండి పురుగులు (సిల్వర్‌ఫిష్) తింటాయి. అందుకని గాజు బొమ్మకు ఆనకుండా మధ్యలో సన్న పట్టీ పెడుతున్నాం. వెనక హార్డ్‌బోర్డుకు, బొమ్మకు మధ్య ఆసిడ్ లేని బోర్డు వేస్తున్నాం. మామూలు బోర్డులో ఉండే ఆసిడ్ వల్లే పాత ఫొటోల అంచున గోధుమరంగు గీత పడుతుంది. ఇకనుంచి అడిగినవాళ్లందరికీ ఈ పద్ధతిలో కట్టిస్తాం, ధర దాదాపు మూడో వంతు ఎక్కువవుతుంది. ఇది అందరికీ అక్కర్లేదు. అంగట్లో కొన్న దేవుడి పటానికి, మళ్లీ ప్రింటు తీయించుకోగల ఫొటోకు పాత పద్ధతి చాలు. తాతల నాటి ఒకే ఒక్క ఫొటో, చేత్తో రాసిన కాగితం, చేత్తో వేసిన బొమ్మ అయితే మాత్రం కొత్త పద్ధతిలోనే కట్టించుకోండి.

ప్రదర్శనకు టికెట్ లేదు. ఉదయం 11 నుంచి రాత్రి 8 దాకా హాలు తెరిచే ఉంటుంది. స్కూలు పిల్లల్ని తీసుకొచ్చే టీచర్లు ఒకరోజు ముందు చెప్తే చాలు. బొమ్మల్ని ముట్టుకోవద్దు గానీ, తలుపు పక్కన బల్ల మీద సుద్ద పూసిన గుడ్డ ముక్కలు, మట్టి, పోగులు, జిగురు పెట్టాం. పిల్లలు వాటిని చేత్తో పట్టుకుని చూడొచ్చు.

పసుపు, మిర్చి బొమ్మలు కొనాలనుకునేవాళ్లు ముందు నాతో ఒకసారి మాట్లాడండి. మీ ఇంట్లో ఏ గోడకు పెడతారో, దాని మీద ఎండ ఏ వేళకు పడుతుందో అడుగుతాను. పడమటి కిటికీకి ఎదురు గోడ అంటే ఆ బొమ్మ మీకు అమ్మను, ఇంకోటి చూపిస్తాను.