ఆ రాత్రి ఫోన్‌లో తెలుగు మాట్లాడిన అక్కకు

అక్కా, మీ పేరు నాకు తెలీదు. ఆసుపత్రిలో మా అమ్మ మాటల్ని ఫోన్‌లో డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పిన ఇంటర్‌ప్రెటర్ మీరు. ఫోన్ ఎత్తగానే మీ నంబరు ఒక్కటే చెప్పారట, ఆ టెన్షన్‌లో నేను అదీ అడిగి రాసుకోలేదు. డల్లాస్‌లోనో ఇంకెక్కడో మన తెలుగువాళ్ళు ఎవరైనా చదివి మీకు చేరుస్తారేమోనని ఇక్కడ రాస్తున్నా.

అమ్మ తెనాలి నుంచి అమెరికాలో మా దగ్గరికి వచ్చి రెండు నెలలు. షుగరు ఉంది. మూడు రోజులుగా నీరసం, నడుం నొప్పి, అన్నం సయించడం లేదు, ఏమైందమ్మా అంటే "వేడి చేసిందిరా, బార్లీ నీళ్ళు తాగితే అదే పోతుంది" అనేది. విజిటర్ ఇన్సూరెన్స్ ఒప్పుకుంటుందో లేదోనని నేనూ ఒక రోజు ఆగాను. ఆగకూడదు. నాలుగో రోజు రాత్రి చలితో వణికిపోతుంటే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం. డబ్బు సంగతి తర్వాత, ముందు పరీక్ష చేయాలని ఇక్కడ 1986 నుంచి చట్టం ఉంది, మమ్మల్ని ఎవరూ అడ్వాన్సు అడగలేదు.

డాక్టరు అడిగిన వాటికి అమ్మ బదులు నేనే ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయాను. వేడి చేసిందంటే ఒళ్ళు కాలుతోందని అనుకుని జ్వరం అని చెప్పేశాను. అసలు మంట ఎక్కడో కొడుకు ముందు ఏ తల్లి చెప్తుంది? జవాబు చెప్పేముందు అమ్మ ప్రతిసారీ నా మొహం చూడటం ఆ నర్సమ్మ కనిపెట్టింది. నన్ను బయట కూర్చోమని, స్పీకర్‌లో మిమ్మల్ని కలిపింది. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రి ఏదైనా ఈ సాయం ఉచితంగా ఇవ్వాల్సిందేనని, అది రోగి హక్కని నాకు ఆ రోజే తెలిసింది. ఇక్కడ పన్నెండేళ్ళుగా ఉంటున్నా.

"వేడి అంటే మంటా అమ్మా, మూత్రానికి వెళ్ళినప్పుడా?" అని మీరు అడిగారట. అంతే, అమ్మ మొత్తం చెప్పేసింది. ఇన్ఫెక్షన్ అప్పటికే కిడ్నీ దాకా పాకింది. నాలుగు రోజులు సెలైన్‌లో యాంటీబయాటిక్స్ ఇచ్చారు.

ఆ నర్సమ్మకు, రోజూ చారన్నం పట్టుకొచ్చిన పక్కింటి వదినగారికి కూడా దండాలు. బిల్లులో కొంత ఇన్సూరెన్స్ వాళ్ళు తిరగ్గొడితే, లాభాపేక్ష లేని ఆసుపత్రుల్లో ఆర్థిక సాయానికి మొదటి బిల్లు వచ్చినప్పటి నుంచి 240 రోజుల దాకా దరఖాస్తు పెట్టుకోవచ్చని చెప్పి, దగ్గర కూర్చుని ఫారం నింపించిన ఆఫీసు స్నేహితుడికీ ఎంతో రుణపడి ఉన్నా. మాకు చాలా వరకు తగ్గించారు. అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్ళు ఉచిత ఇంటర్‌ప్రెటర్, ఈ ఆర్థిక సాయం రెండూ గుర్తుపెట్టుకోండి, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని మీరే నోరు తెరిచి అడగండి.

అమ్మ వచ్చే నెల ఊరెళ్తోంది. నిన్న సూట్‌కేసు సర్దుతూ అడిగింది, "ఫోన్‌లో ఆ అమ్మాయికి చెప్పావా? చల్లగా ఉండాలని చెప్పు" అని.

చెప్తున్నా అక్కా.