సిస్‌ప్లాటిన్ ఎక్కించి ఇంటికి పంపాక కిడ్నీలను చూసేదెవరు?

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా పెద్దన్నకు నోటి క్యాన్సర్. హైదరాబాద్‌లో రేడియేషన్‌తో పాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించారు. మందు మీద నాకు కోపం లేదు. 1978లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు నోరు, గొంతు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ఇప్పటికీ పెద్ద దిక్కు. నా గొడవంతా ఇంటికి వచ్చాక జరిగేదాని గురించే.

సిస్‌ప్లాటిన్ ఎక్కువగా మూత్రంలోనే బయటికి పోతుంది. పోయేటప్పుడు కిడ్నీల్లోని సన్నని గొట్టాల కణాల్లో పేరుకుని వాటిని దెబ్బతీస్తుంది. అందుకే ముందూ వెనకా సెలైన్ పెడతారు, నీళ్లు బాగా తాగమంటారు. శని, ఆదివారాలు రేడియేషన్ ఉండదని అన్న ఊరికొచ్చేవాడు. నోరంతా పుండ్లు, గుటక పడదు, పైగా వాంతులు, మే నెల ఎండ. స్పూనుతో నాలుక తడుపుకునే మనిషి లీటర్ల కొద్దీ నీళ్లు ఎట్లా తాగుతాడు సార్?

నొప్పి ఓర్చుకోలేకపోతే ఆర్‌ఎంపీ వచ్చి డైక్లోఫెనాక్ సూది వేశాడు. ఆయన్ని తప్పుపట్టను. ఈ మందు నడుస్తుండగా ఆ సూది కిడ్నీల మీద ఇంకో దెబ్బ అని మా ఆసుపత్రి కాగితాల్లో ఎక్కడా లేదు. తర్వాతి కీమోకు ముందు చూస్తే 0.9 ఉన్న క్రియాటినిన్ (కిడ్నీలు ఎట్లా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష, దెబ్బతింటే పెరుగుతుంది) 2.4 అయింది. సిస్‌ప్లాటిన్ ఆపేశారు. క్యాన్సర్ టెన్షన్ చాలదన్నట్టు ఇప్పుడు కిడ్నీల టెన్షన్.

ప్రతి కీమో పేషెంటు చేతికి తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఒక కార్డు ఇప్పించండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులు వాడొద్దని, కిడ్నీలను దెబ్బతీయగల జెంటామైసిన్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్ సూదులు క్యాన్సర్ డాక్టరును అడగకుండా వేయొద్దని అందులో ఉండాలి. మెడికల్ షాపులకు, ఆర్‌ఎంపీలకు కూడా అదే పంపండి. మూత్రం తగ్గినా, వాంతులు ఆగకపోయినా ఎక్కడికి పోవాలో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో రాయించండి.

రెండోది, దేవరకొండ లాంటి చోట్ల సర్కారు దవాఖానలో సెలైన్ పెట్టి, క్రియాటినిన్, పొటాషియం, మెగ్నీషియం రిపోర్టు అదే రోజు ఇవ్వాలి. మెగ్నీషియం అని విడిగా అడుగుతున్నా, ఎందుకంటే ఈ మందు దాన్ని మూత్రంలో పోగొడుతుంది. కాళ్లు కొంకర్లు పోతుంటే మేం నీరసం అనుకుని ఊరుకున్నాం. డయాలసిస్ సెంటర్ల ప్రారంభాలకు నాయకులు రిబ్బన్ కట్ చేస్తారు, సెలైన్ బాటిల్‌కు ఎవరు చేస్తారు లెండి!

మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. నల్లగొండలో దానికి కిడ్నీ పరీక్షలు, సెలైన్ కూడా జోడించండి. శని, ఆదివారాలు తెరిచి ఉంచేలా ఉత్తర్వు ఇవ్వండి. మా వాళ్లు ఊళ్లో ఉండేది ఆ రెండు రోజులే.

ఇట్లు,
దేవరకొండ ప్రాంతం నుంచి ఒక పేషెంటు తమ్ముడు