బోర్డు మోసిన పెద్దాయనకు కృతజ్ఞతలు

మొన్న ఆదివారం డెట్రాయిట్ పాత సామాన్ల సంతలో నా తెలుగు విని ఆగి, ఆ బరువైన ఇనుప బోర్డుకు ఒక చెయ్యి వేసిన పెద్దాయనకు నమస్కారాలు. అయ్యా, అది టైగర్ స్టేడియంలో ప్రేక్షకులకు దారి చూపిన బోర్డు. 1912లో తెరిచిన ఆ బేస్‌బాల్ మైదానంలో డెట్రాయిట్ జట్టు టైగర్స్ 1999 వరకూ ఆడింది. 2009 నాటికి కూల్చివేత పూర్తయింది. మిగిలిన ఇలాంటి వస్తువులంటే నాకు ప్రాణం. తుప్పు గీకవద్దని చెప్పి, రంగు పెచ్చు ఊడినచోట నీలం కింద దాగిన పాత ఆకుపచ్చను మీరే చూపించారు. ఒకప్పుడు అక్కడి కుర్చీలదీ ఆ రంగే! గీతలు పడకుండా మీ కారులోని దుప్పటి చుట్టి ఇచ్చారు. పేరు అడిగేలోపే వెళ్లిపోయారు. దుప్పటి ఉతికి ఉంచాను. వచ్చే ఆదివారం అక్కడే ఎదురుచూస్తాను, తప్పక రండి.