హ్యాండ్‌బ్రేక్ లాగినంత మాత్రాన డ్రిఫ్టింగ్ కాదు

సంపాదకులకు,

అయ్యా,

మైపాడు రోడ్డులో కారు పొలంలోకి దిగినా, ఒంగోలు బైపాస్‌లో డివైడర్ ఎక్కినా మన పేపర్లు ‘డ్రిఫ్టింగ్ చేస్తూ బోల్తా’ అని హెడ్డింగ్ పెట్టేస్తున్నాయి. కింద ఫొటో చూస్తే చాలాసార్లు స్విఫ్టో ఐ20నో ఉంటుంది. అవి ముందు చక్రాలు లాగే బళ్లు. వాటితో అసలు డ్రిఫ్టింగ్ కుదరదు. ఆ మాట వాడటం వల్ల కుర్రాళ్లకు చేతకాని పనికి గొప్ప పేరు వస్తోంది, జపాన్ వాళ్ల అసలు విద్యకు చెడ్డపేరు వస్తోంది.

డ్రిఫ్ట్‌లో వెనక చక్రాలకు ఇంజన్ బలం అందుతూనే ఉండాలి. అవి బండి వేగాన్ని మించి తిరుగుతూ, రోడ్డు మీద పట్టు వదిలి పక్కకు జారుతుంటాయి. బండి ముక్కు మలుపు లోపలికి, ముందు చక్రాలు మలుపు బయటికి చూస్తుంటాయి. ఆ ఏటవాలును మలుపు అయ్యేదాకా నిలబెట్టేవి ఎక్సలేటరు, స్టీరింగు. స్విఫ్ట్‌లో హ్యాండ్‌బ్రేక్ లాగితే వెనక చక్రాలు బిగుసుకుపోయి తోక ఒక్క విసురు విసురుతుంది. మళ్లీ ఎక్సలేటరు తొక్కగానే ముందు చక్రాలు బండిని తిన్నగా లాక్కుపోతాయి. దానికి ‘జారుడు’ అన్న మన మాట చాలు.

జపాన్‌లో ఇది ఆకతాయి పనిగా పుట్టలేదు. 1961లో హోండా బైకు మీద ప్రపంచ గ్రాండ్ ప్రీ గెలిచిన మొదటి జపనీయుడు కునిమిత్సు తకహాషి తర్వాత కార్ల రేసుల్లోకి వచ్చి, 1970లలో మలుపుల్లో తోక జారవిడుస్తూ నడిపాడు. ఆనాటి టైర్లకు పట్టు తక్కువ, జారుతూ పోయినా వేగం పెద్దగా తగ్గేది కాదు. మంచి రేడియల్ టైర్లు వచ్చాక లెక్క తిరగబడింది, జారితే ఆలస్యం. అంటే గెలవడానికి పనికిరాకుండా పోయాక కూడా చూడ్డానికి బాగుందని బతికిన విద్య ఇది. కెయిచి త్సుచియా దాన్ని ఘాట్ రోడ్లకు పట్టుకెళ్లాడు, 1987లో వచ్చిన వీడియోతో ఊరూరా పాకించాడు. ‘డ్రిఫ్ట్ కింగ్’ అని పేరు. 2001లో డీ1 గ్రాండ్ ప్రీ సిరీస్ మొదలైంది. ఎవరు ముందొచ్చారన్నది అక్కడ లెక్కకు రాదు. వేగం, కోణం, మలుపులో పట్టిన దారి చూసి మార్కులేస్తారు, మన కూచిపూడి పోటీల్లాగే.

త్సుచియా నడిపిన టొయోటా ఏఈ86 కారు (అక్కడ ‘హాచిరోకు’ అంటారు, అంటే ఎనిమిది ఆరు) వెయ్యి కిలోల లోపు బండి, 1.6 లీటర్ల ఇంజన్. ఒక కామిక్ కథలో తోఫు (సోయా పనీర్) కొట్టువాడి కొడుకు ఇలాంటి బండిలోనే తెల్లవారుజామున కొండ మీదికి సరుకు వేసి వస్తుంటాడు, బండిలో పెట్టిన కప్పులోని నీళ్లు తొణక్కుండా. ఆ కథ పుణ్యమాని పాత ఇనుముకు పోవాల్సిన బళ్ల ధరలు కొండెక్కాయి. పాల క్యాన్లు వేసే మన ఆటోవాళ్లకు ఆ కప్పు సంగతి వింతగా ఉండదు.

జపాన్ డ్రిఫ్టింగ్ వాళ్ల హాస్యం పనిలోనే ఉంది. గోడకు రాసుకుని బంపర్ పగిలితే కొత్తది కొనరు, జిప్ టైలతో (వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలు) కుట్టేస్తారు. పద్ధతి ఇదీ: పగులు ఎక్కడ ఆగిందో సరిగ్గా ఆ కొసన 3 ఎంఎం బెజ్జం వేయాలి, లేకపోతే పగులు పాకుతూ పోతుంది. తర్వాత అంచుకు సెంటీమీటరు ఎడంగా అటూ ఇటూ బెజ్జాలు, రెండు మూడు సెంటీమీటర్లకు ఒక జత. టై ఇంటూ గుర్తులా వేసి, లాగి, తోక కత్తిరించాలి. అచ్చం మన బొంత కుట్టు. అంచుకు మరీ దగ్గర్లో వేస్తే మొదటి కుదుపుకే చీలుతుంది. డబ్బుల్లేక మొదలైన ఈ కుట్టు చివరికి ఫ్యాషనై, పగలని బంపర్లకూ పడుతోంది! నిస్సాన్ 180ఎస్ఎక్స్ కారు మొహం పగిలితే అదే కంపెనీ సిల్వియా కారు మొహం తెచ్చి బిగించేవాళ్లు. పేర్లు కూడా కలిపేసి ‘సిల్‌ఎయిటీ’ అన్నారు. 1998లో ఆ అతుకు బండినే కొత్తగా తయారుచేసి అమ్మారు. ఫుకుషిమా జిల్లా ఎబిసు సర్క్యూట్‌లో డ్రిఫ్ట్ తిరునాళ్ల జరుగుతుంది. గోడకవతల జంతువుల సఫారీ పార్కు. టైర్ల కీచుమనే మోత సింహాలకు ఎప్పుడో అలవాటైపోయి ఉంటుంది.

ఇక మన రోడ్ల సంగతి. వెనక చక్రాలు తోసే బళ్లు మనకూ ఉన్నాయి: ఓమ్ని, బొలెరో, పాత క్వాలిస్. కానీ హాచిరోకు వెడల్పు సుమారు 1.62 మీటర్లు, ఎత్తు 1.33. ఓమ్ని వెడల్పు 1.41, ఎత్తు 1.64. బీరువాను పక్కకు తోస్తే ఏమవుతుందో ఓమ్నికీ అదే అవుతుంది. పైగా మామూలు డిఫరెన్షియల్‌లో (రెండు వెనక చక్రాలకూ బలం పంచే గేర్ల డబ్బా) బరువు తగ్గిన లోపలి చక్రమే గిర్రున తిరుగుతుంది, పొగంతా ఒక్క టైరుదే. రెండూ కలిసి తిరగాలంటే ఎల్ఎస్‌డీ (ఒక్క చక్రమే గిర్రున తిరిగిపోకుండా ఆపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్) ఉండాలి. అది దొరక్క మామూలు డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లను (స్పైడర్ గేర్లు) వెల్డింగ్ చేయమని అడిగేవాళ్లున్నారు. అలా చేస్తే బస్టాండు మలుపు తిరిగేటప్పుడు కూడా రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాలి. టైరు గెంతుతుంది, యాక్సిల్ మెలిపడి తెగుతుంది. రోడ్డు మీద తిరిగే బండికి ఆ పని చేయకూడదు.

అన్నిటికన్నా చెడ్డది పట్టు ఉన్నట్టుండి తిరిగి రావడం. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. గింజల మీద టైరు గోళీల మీద పోయినట్టు పోతుంది. రాశి దాటి బోడి తారు తగలగానే పక్కకు జారుతున్న టైరు గబుక్కున కరుచుకుంటుంది, బండి పల్టీ. సముద్రం దారిలో ఇసుకా అంతే. భయపడి ఎక్సలేటరు ఒక్కసారిగా వదిలేసినా అదే జరుగుతుంది: వెనక పట్టు దొరికిన క్షణంలో ముందు చక్రాలు ఎటు చూస్తుంటే బండి అటు ఎగురుతుంది. అవి చూసేది మలుపు బయటికి. ఫోన్లు పట్టుకుని వీడియో తీసేవాళ్లు నిలబడేదీ అక్కడే.

నేర్చుకునే తీరు వేరు. గోడలూ స్తంభాలూ లేని మైదానంలో నేల తడుపుతారు, పట్టు తగ్గితే 30, 40 వేగానికే బండి జారుతుంది, టైరూ మిగులుతుంది. ఒక కోను చుట్టూ గుండ్రంగా తిప్పుతూ ఎక్సలేటరు మీద కాలుంచే క్లచ్‌ను ఒక్క తన్ను తన్ని వదలాలి. తోక కదలగానే స్టీరింగును బిగపట్టకుండా వేళ్ల మధ్య తిరగనివ్వాలి. క్యాస్టర్ (ముందు చక్రం స్టీరింగుతో తిరిగే ఇరుసు వాలు) సరిగ్గా ఉంటే అదే ఎదురు తిరుగుతుంది, ఆగాల్సిన చోట పట్టుకోవడమే మన పని. గుండ్రం కుదిరాక రెండు కోన్లతో ఎనిమిది అంకె. అంతవరకూ హ్యాండ్‌బ్రేక్ జోలికి పోరు. 2016లో మసాతో కవాబాతా గంటకు 304.96 కిలోమీటర్ల డ్రిఫ్ట్ రికార్డు కొట్టింది యూఏఈలోని ఫుజైరా విమానాశ్రయం రన్‌వే మీద. మన కుర్రాళ్లకు రెండు లైన్ల రోడ్డు సరిపోతుందట.

సరదా ఉన్నవాళ్లకు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది, నెల్లూరు నుంచి పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగి రావచ్చు. పబ్లిక్ రోడ్డు మీద పందేలు పెడితే మోటారు వాహనాల చట్టం 189 సెక్షన్ కింద మొదటిసారి 3 నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. నడిపింది మైనరైతే 199ఏ ప్రకారం తండ్రికో బండి ఓనరుకో 25,000 జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు.

ఇప్పటికే జారుళ్లు కొట్టిన బండి ఇంట్లో ఉంటే పెద్దవాళ్లు ఇవి చూసుకోవాలి. హ్యాండ్‌బ్రేక్ మునుపటికన్నా ఎక్కువ పైకి వస్తుంటే కేబుల్ సాగిందో, వెనక బ్రేకులు అరిగాయో అన్నమాట. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలిస్తే టకటకమంటే యాక్సిల్ జాయింటు పోయింది, రబ్బరు బూటు చినిగి గ్రీజు కారుతోందేమో చూడండి. బండి నడుస్తుంటే సీటు కింద డబడబమంటే చక్రం బిగుసుకుని ఈడ్చుకుపోయినప్పుడు వెనక టైరు ఒకచోట చదునుగా అరిగినట్టు. అరచేత్తో టైరు చుట్టూ తడిమితే ఆ చోటు దొరుకుతుంది. దొరక్కపోతే వెనక చక్రాలు ఒక్కొక్కటిగా తీసి స్టెప్నీ వేసి నడిపి చూడండి.

ఇట్లు,
వీల్ అలైన్‌మెంట్, సస్పెన్షన్ పనివాళ్లం కొందరం,
నెల్లూరు