పోర్చుగల్‌ను ఓడించింది భాష కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

యూరప్ దేశాలు తలా ఒక పాటతో పోటీపడే యూరోవిజన్ పాటల పోటీ గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తితో చదివాను. పోటీ పుట్టుపూర్వోత్తరాలనూ ఓట్ల లెక్కింపునూ చక్కగా వివరించారు గానీ, చిన్న దేశాలు సొంత భాషను పట్టుకుని వేలాడితే వెనకబడక తప్పదని, అందుకు పోర్చుగల్ చరిత్రే రుజువని తేల్చిన తీరుతో మాత్రం ఏకీభవించలేకపోతున్నాను.

వ్యాసకర్త మాటలో నిజం లేకపోలేదు. 1964లో కోపెన్‌హేగెన్‌లో తొలిసారి పోటీకి దిగినప్పుడు పోర్చుగల్‌కు దక్కింది సున్నా పాయింట్లు. ఆ తర్వాత అర్ధశతాబ్దం గడిచినా 1996లో వచ్చిన ఆరో స్థానాన్ని మించి ఆ దేశం పైకి వెళ్లలేదు. ఏ దేశం వాళ్లు ఆ దేశ భాషలోనే పాడాలన్న నిబంధనను 1999లో ఎత్తేశాక, 2016 దాకా నెగ్గిన 18 పాటల్లో ఇంగ్లీషు కలవనిది 2007 నాటి సెర్బియా పాట ఒక్కటే. అయితే పోర్చుగల్ ఓటముల్లో ఎక్కువ భాగం 1999కి ముందువని, అందులో చాలా ఏళ్లు ఆ నిబంధన అమల్లోనే ఉందని వ్యాసకర్త గమనించినట్టు లేదు. ఇంగ్లీషే తమ భాష అయిన ఐర్లాండ్ వాళ్లు 1992 నుంచి వరుసగా మూడేళ్లు గెలిచారు, ఆ వెసులుబాటును కాదనను. కానీ ఇటలీ ఇటాలియన్‌లో, గ్రీసు గ్రీకులో పాడక తప్పని రోజుల్లో పోర్చుగల్ ఓడిపోతే ఆ నేరాన్ని పోర్చుగీసు భాష మీదికి నెట్టడం న్యాయం కాదు.

వ్యాసంలో అసలు ప్రస్తావనకే రాని సంవత్సరం 1974. ఆ ఏప్రిల్ 6న ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో స్వీడన్ బృందం అబ్బా ఇంగ్లీషు పాటతో గెలిచింది. అదే వేదిక మీద పౌలు ద కర్వాల్యు పోర్చుగీసులో పాడిన ‘ఇ దెపొయిష్ దు అదెయుష్’ 3 పాయింట్లతో, మరో మూడు దేశాల పాటలతో కలిసి అట్టడుగున మిగిలింది. అది ప్రేయసికి దూరమైనవాడి పాట, అందులో రాజకీయాల వాసన కూడా లేదు. అదే కలిసొచ్చింది. పోర్చుగల్‌లో 48 ఏళ్ల నియంతృత్వానికి, ఆఫ్రికాలోని దాని వలస రాజ్యాల్లో తెమలని యుద్ధాలకు ముగింపు పలకాలని రహస్యంగా కూడబలుక్కున్న సైనికాధికారులకు, రేడియోలో వినబడినా ఎవరికీ అనుమానం రాని పాట ఒకటి కావలసివచ్చింది. ఏప్రిల్ 24 రాత్రి 10 గంటల 55 నిమిషాలకు లిస్బన్‌లోని ఒక రేడియో కేంద్రం ఈ పాట వేయగానే, సిద్ధంగా ఉండమన్న సంకేతం దళాలకు అందింది. అర్ధరాత్రి దాటాక మరో కేంద్రం నుంచి జెకా అఫోన్సు అనే గాయకుడి పాట రావడంతో బలగాలు కదిలాయి, మర్నాటికి ప్రభుత్వం కూలిపోయింది. జనం సైనికుల తుపాకీ గొట్టాల్లో కార్నేషన్ పూలు గుచ్చిన ఫొటోలు మీ పాఠకుల్లో చాలామంది చూసే ఉంటారు. పోటీ ముగిసి మూడు వారాలైనా కాకముందే, 3 పాయింట్ల పాట అంత పని చేసింది.

ఇక 2017. మే 13న కీవ్ నగరంలో పోర్చుగల్ గాయకుడు సాల్వదోర్ సోబ్రాల్ ప్రేక్షకుల మధ్యనున్న చిన్న వేదిక మీద వదులు కోటుతో ఒంటరిగా నిలబడి, అక్క లుయీజా రాసి స్వరపరచిన పాటను పోర్చుగీసులో, దాదాపు గుసగుసగా పాడాడు. నర్తకులు లేరు, నిప్పురవ్వల హంగామా లేదు. అప్పటికే అతని గుండె జబ్బు ఎంత ముదిరిందంటే, కీవ్‌లో మొదటి రిహార్సళ్లలో అతని బదులు అక్కే పాడింది. ఆ డిసెంబరులో అతనికి గుండె మార్పిడి జరిగింది. 42 దేశాలు పాల్గొన్న ఆ పోటీలో నిపుణుల జ్యూరీలు, ఇళ్లలో కూర్చుని ఓటేసిన ప్రేక్షకులు వేర్వేరుగా అతనినే మొదటి స్థానంలో నిలిపారు. మొత్తం 758 పాయింట్లు. వాళ్లలో పోర్చుగీసు వచ్చినవాళ్లు ఎంతమంది ఉంటారు? (తెలుగు పాటకు ఆస్కార్ ఇచ్చినవాళ్లలో తెలుగు తెలిసినవాళ్లు ఎందరో మనమూ లెక్క తీయలేదు.)

సొంత భాషే గెలిపిస్తుందని నేను వాదించడం లేదు. మరుసటి ఏడాది లిస్బన్‌లోనే జరిగిన పోటీలో ఆతిథ్య దేశం పోర్చుగీసులోనే పాడి, తుది పోటీలోని 26 దేశాల్లో ఆఖరున నిలిచింది. అలాగని ఇంగ్లీషూ గట్టెక్కించలేదు. 2021లో ఆ దేశం తొలిసారి పూర్తి ఇంగ్లీషు పాటను పంపి 12వ స్థానంతో సరిపెట్టుకుంది. ఆ ఏడాది మొదటి స్థానం ఇటాలియన్ పాటది, తర్వాతి రెండు స్థానాలూ ఫ్రెంచి పాటలవి. 2022లో గెలిచింది ఉక్రేనియన్ పాట. వ్యాసకర్త తన లెక్కను 2016తో ఆపకుండా ఇంకో ఆరేళ్లు ముందుకు తీసుకెళ్లి ఉంటే ఆ నిర్ధారణ అంత ధీమాగా చేసేవారు కాదేమో.

యూరోవిజన్ ఇప్పుడు సాధారణంగా మే నెలలోనే వస్తుంది. ఈసారి దాని గురించి రాసేటప్పుడు పాయింట్ల పట్టికలో ప్రతి పాట పక్కన అది ఏ భాషలో ఉందో కూడా అచ్చువేయవలసిందిగా మనవి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రాజమహేంద్రవరం