రెండో ట్రైన్ ఎక్కడుంది?

పార్కు జనరల్ మేనేజర్ గారికి,
నకలు: రైడ్ల మెయింటెనెన్స్ విభాగానికి

విషయం: చెక్క రోలర్ కోస్టర్‌ను తీసేయడానికి నోటీసులో చూపిన కారణాలపై ఫిర్యాదు

నమస్కారం.

పదిహేడేళ్లుగా నేను మీ సీజన్ పాస్ తీసుకుంటున్నాను. ఇంతకుముందు మీకు రెండుసార్లు రాశాను. మొదటిసారి తాగునీటి కుళాయి గురించి, రెండోసారి క్యూలో నీడ లేకపోవడం గురించి. కుళాయి బాగుచేశారు, క్యూ మీద షెడ్డు కూడా వేశారు. ఇదీ ఎవరో ఒకరు చదువుతారన్న నమ్మకంతోనే రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

పోయిన నెల చెక్క కోస్టర్ క్యూ మొదట్లో ఒక నోటీసు అతికించారు. ఎక్కేవాళ్లు సగానికి తగ్గిపోయారు, కుదుపులు ఎక్కువయ్యాయని జనం ఫిర్యాదు చేస్తున్నారు, కాబట్టి ఈ సీజన్ తర్వాత దాని స్థానంలో "సరికొత్త అనుభవం" తెస్తున్నాం అని అందులో ఉంది. పక్కనే ఒక స్క్రీన్ పెట్టి "పాతదా, కొత్తదా? మీ ఓటు నొక్కండి" అన్నారు. తీసేస్తున్నామని ఒక పక్క రాసి, ఉంచాలా వద్దా అని ఇంకో పక్క అడగడం ఏమిటో నాకు అర్థం కాలేదు. కొత్తది ఏమిటో చెప్పకుండా దానికి ఓటెలా వేస్తారో అంతకన్నా అర్థం కాలేదు.

ఆ స్క్రీన్ పుణ్యమా అని క్యూ అంతా రెండు పార్టీలైంది. నా ముందు నిలబడ్డ పెద్దాయన ఒకరు, ఈ కోస్టర్ పోతే పార్కులో ఇంకేం మిగిలింది, ఆ టకటక చప్పుడు వినడానికే వస్తాను అన్నారు. వెనకాల కాలేజీ కుర్రాడు ఊరుకోలేదు. "జ్ఞాపకాలు మీవి అంకుల్, నడుము నొప్పులు మావి" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పెద్దాయనకు కోపం వచ్చింది. "బాబూ, నీ వయసులో మేం దీన్ని రోజుకు పదిసార్లు ఎక్కేవాళ్లం" అన్నారు. దానికా కుర్రాడు, "మీ చిన్నప్పుడు ఇది కొత్తదే కదండీ. దీనికి చోటు కోసం అప్పుడేం పడగొట్టారో!" అన్నాడు. ఆయన దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే నా దగ్గరా లేదు. నాకు తెలిసి అక్కడ అంతకుముందు ఒక రంగులరాట్నం ఉండేది. దాన్ని తీసేస్తున్నారని మా అమ్మ బాధపడింది.

కాబట్టి పాతవన్నీ అలాగే ఉంచాలని వాదించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అభిమానులు గొడవ చేస్తే రైడ్లు నిలబడవని కూడా తెలుసు. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మిస్టర్ టోడ్స్ వైల్డ్ రైడ్‌ను తీయొద్దని జనం అక్కడికే వెళ్లి నిరసన చెప్పారు. 1998 సెప్టెంబరులో దాన్ని మూసేశారు, మరుసటి ఏడాది ఆ చోట విన్నీ ది పూ రైడ్ వచ్చింది. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో 1955 నుంచి ఉన్న టోడ్ రైడ్ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

నా ఫిర్యాదు మీరు చెప్పిన కారణాల మీద.

నేను లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్నాను. "సగానికి తగ్గారు" అన్న మాట చూడగానే తగ్గింది ఎక్కడ అన్న ప్రశ్న వస్తుంది నాకు. మొన్న సెలవు రోజు ఎగ్జిట్ దగ్గర బెంచీ మీద కూర్చుని గంటసేపు లెక్కపెట్టాను. మీ ట్రైన్‌కు ఆరు బోగీలు, బోగీకి నలుగురు, మొత్తం ఇరవై నాలుగు సీట్లు. ఇప్పుడు నడుస్తున్నది ఒక్కటే ట్రైన్. అది తిరిగి రావాలి, దిగేవాళ్లు దిగాలి, ఎక్కేవాళ్లు ఎక్కాలి, ఒళ్లో అడ్డంగా పడే లాప్ బార్లు సరిచూడాలి, మళ్లీ కదలాలి. కదిలిన ట్రైన్‌కూ మరుసటి దానికీ మధ్య ఐదు నిమిషాలు. గంటకు పన్నెండు ట్రిప్పులు, అంటే 288 మంది. ఒక్క సీటు కూడా ఖాళీగా వెళ్లలేదు. బయట క్యూ గంటా పది నిమిషాలు.

మూడేళ్ల కిందటి వరకు రెండు ట్రైన్లు నడిపేవాళ్లు. ఒకటి ట్రాక్ మీద ఉండగా స్టేషన్‌లో రెండోది నింపేవాళ్లు. రెండున్నర నిమిషాలకొకటి కదిలేది. గంటకు ఇరవై నాలుగు ట్రిప్పులు, 576 మంది. 576లో సగం ఎంతో మీకు చెప్పక్కర్లేదు.

ఎక్కేవాళ్లు తగ్గలేదండీ. ఎక్కించుకోవడం మీరు తగ్గించారు. గంటకు పైగా నిలబడే ఓపిక లేక వెనుదిరిగినవాళ్లు మీ లెక్కలో ఇష్టం లేనివాళ్లయ్యారు. రెండో ట్రైన్ షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది, మినీ రైలు ఎక్కితే ఆ పక్క నుంచి కనిపిస్తుంది. అది పాడైందా? స్పేర్ పార్టులు దొరకడం లేదా? మనుషులు చాలక నడపడం లేదా? ఇందులో ఏదైనా సరైన కారణమే కావచ్చు. అదే చెప్పండి. జనానికి ఇష్టం పోయిందని మాత్రం చెప్పకండి.

ఇక కుదుపుల సంగతి. కుదుపులు పెరిగాయి, ఒప్పుకుంటాను. రెండో మలుపు దగ్గర పళ్లు కొట్టుకుంటున్నాయి. మా తమ్ముడు ఒకసారి ఎక్కి దిగి, మెడ పట్టుకుని, ఇక జన్మలో ఎక్కనన్నాడు. కానీ చెక్క కోస్టర్ వయసైపోయినందువల్ల కుదపదు, పని చేయించనందువల్ల కుదుపుతుంది. ఆ ట్రాక్ ఒకే దుంగ కాదు. చెక్క పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన సన్నటి ఉక్కు పట్టీ బిగిస్తారు. చక్రాలు ఆ పట్టీ మీద నడుస్తాయి. ఎండకూ వానకూ చెక్క ఉబ్బుతుంది, ఎండుతుంది, బోల్టులు వదులవుతాయి, పలకలు అరుగుతాయి. పట్టాల మధ్య కొలత కొద్దిగా మారినా ట్రైన్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. అందుకే ఏడాదికి కొంత చొప్పున పాత పలకలు తీసి కొత్తవి వేస్తుంటారు. చెక్క కోస్టర్ ఉన్న ప్రతి పార్కుకూ తప్పని పని ఇది.

మీరూ వేయించేవాళ్లు. సీజన్ మొదటి రోజు పైకి చూస్తే బూడిదరంగు ట్రాక్ మధ్యలో కొత్త చెక్క లేతగా మెరుస్తూ కనిపించేది. ఈ ఏడు ఏ మలుపు బాగుచేశారో కింద నుంచే చెప్పేవాళ్లం. మూడు సీజన్లుగా కొత్త పలక ఒక్కటి కూడా కనిపించలేదు. మొదటి దిగుడు నుంచి చివరి బ్రేకుల దాకా అంతా ఒకటే బూడిదరంగు. మూడేళ్లు పని ఆపేసి, ఇప్పుడు కుదుపులని నోటీసులో రాయడం న్యాయమేనా?

న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో సైక్లోన్ అనే చెక్క కోస్టర్ 1927 నుంచి ఉంది. పెన్సిల్వేనియాలో లీప్ ది డిప్స్ 1902 నాటిది. 1985లో మూతపడి, మరమ్మతుల తర్వాత 1999లో మళ్లీ తెరుచుకుంది. చెక్కకు వయసు అడ్డం కాదు.

ఇప్పుడు మా తమ్ముడి వైపు వాదన కూడా చెప్పాలి, లేకపోతే ఇంట్లో ఊరుకోడు. చెక్క కట్టడం అలాగే ఉంచి పైన ఉక్కు ట్రాక్ వేయించొచ్చు కదా అంటాడు. అది గాల్లో మాట కాదు. టెక్సస్ జెయింట్ అనే చెక్క కోస్టర్‌ను అలా మార్చి 2011లో తెరిచారు. కాలిఫోర్నియాలో 1978 నాటి కొలోసస్ 2015లో ట్విస్టెడ్ కొలోసస్ అయింది. ఒహాయోలోని సీడార్ పాయింట్‌లో మీన్ స్ట్రీక్ అనే కోస్టర్ కుదుపులకు ఎంత పేరు మోసిందంటే, 2016లో దాన్ని ఆపినప్పుడు ఏడ్చినవాళ్లు తక్కువ. రెండేళ్లకు అదే చెక్క మీద స్టీల్ వెంజెన్స్‌గా వచ్చింది. ఇప్పుడు దాన్ని ఎక్కడానికి దేశాలు దాటి వస్తారు. మా తమ్ముడు ఈ కథ చెప్పినప్పుడల్లా నా నోరు మూతపడుతుంది.

ఒక్క విషయంలో తప్ప. మీన్ స్ట్రీక్ ఎక్కడానికి 48 అంగుళాల ఎత్తు చాలేది. స్టీల్ వెంజెన్స్‌కు 52 కావాలి. నాలుగు అంగుళాలంటే పిల్లల విషయంలో దాదాపు రెండేళ్లు. మా అమ్మాయి నిరుడు మీ కొలత కర్ర దగ్గర రెండు వేళ్ల తేడాతో ఆగిపోయింది. ఏడవలేదు గానీ, ఇంటికెళ్లి తలుపు మీద పెన్సిల్‌తో గీత పెట్టుకుంది. ఈ ఏడు దాటింది. మొదటిసారి ఎక్కినప్పుడు పైకి లాగేటప్పుడు ఆ టకటక ఏమిటని భయపడింది. చైన్ తెగినా ట్రైన్ వెనక్కి జారకుండా ఒక ఇనుప నాలుక పళ్లలో పడుతుంటుంది, అది మనల్ని పట్టుకుంటున్న చప్పుడమ్మా అని చెప్పాను. కళ్లు తెరిచింది. మీ "సరికొత్త అనుభవం" ఎంత ఎత్తువాళ్లకో నోటీసులో లేదు. పెద్ద కోస్టర్లలో పిల్లలు మొదట ఎక్కగలిగేది మీ పార్కులో ఇదొక్కటే. అది పోతే ఎనిమిదేళ్ల పిల్లకు గొంగళిపురుగు రైడ్ తర్వాత నేరుగా ఏముంది?

మీరు పూర్తిగా పడగొట్టాలనే అనుకుంటే, దానికీ ఒక దారి ఉంది. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో 1947లో కట్టిన రాకెట్ అనే చెక్క కోస్టర్ 1980లో పార్కుతో పాటే మూతపడింది. పెన్సిల్వేనియాలోని క్నోబెల్స్ పార్కువాళ్లు దాన్ని కొని, విప్పి, ముక్కముక్కకూ నంబరు వేసి తెచ్చుకున్నారు. 1985లో ఫీనిక్స్ అని పేరు పెట్టి తెరిచారు. చెక్క కోస్టర్ల ర్యాంకింగుల్లో అది ఇప్పటికీ ముందు వరుసలో ఉంటుంది. అందరికీ అది సాధ్యం కాదు, తెలుసు. కొనేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో మీరు అడిగి చూశారా అన్నదే నా ప్రశ్న.

నేను కోరేది ఎక్కువేమీ లేదు. ఆ నోటీసు తీసి, అసలు కారణం రాసిన ఇంకో నోటీసు పెట్టండి. చివరి తనిఖీలో ట్రాక్ గురించి, చెక్క స్తంభాల గురించి ఇంజినీర్లు ఏం చెప్పారో మామూలు మాటల్లో నాలుగు వాక్యాలు రాస్తే చాలు. కట్టడమే బలహీనపడిందని వాళ్లు చెప్పి ఉంటే, నేనే క్యూలో నిలబడి మిగతావాళ్లకు నచ్చజెబుతాను. ప్రమాదం ఉన్నదాన్ని నడపమని అడిగేంత పిచ్చి అభిమానులు మాలో లేరు. ఆ కొత్తదేమిటో, ఎంత ఎత్తు ఉంటే ఎక్కనిస్తారో చెప్పి అప్పుడు ఓటు అడగండి. లేదా ఆ స్క్రీన్ తీసేయండి. దాని వల్ల ఇప్పటికి జరిగింది జనం ఒకరినొకరు తిట్టుకోవడమే. మీరు మాత్రం హాయిగా పక్కన నిలబడ్డారు.

చివరి రోజు ఏ తేదీనో ప్రకటించండి. "సీజన్ తర్వాత" అంటే ఎవరికి తెలుస్తుంది? పోయినసారి పడవల రైడ్‌ను ఇలాగే ఒక మంగళవారం చప్పుడు లేకుండా మూసేశారు. శనివారం వచ్చి రేకుల గోడ చూసి వెనక్కి వెళ్లాం.

ఆ తేదీ వరకైనా రెండో ట్రైన్ నడపండి. నడపలేకపోతే ఎందుకో స్టేషన్‌లో రాసి పెట్టండి. మీ ఆపరేటర్లను మాత్రం ఏమీ అనకండి, వాళ్లను నేనేమీ అడగలేదు, వాళ్లూ ఏమీ చెప్పలేదు. ఒక్క ట్రైన్‌తో, ఎండలో, విసుగెత్తిన జనంతో వాళ్లు పడుతున్న పాట్లు రోజూ చూస్తూనే ఉన్నాం.

గంటసేపు లెక్కపెట్టిన కాగితం, నోటీసు ఫొటో, షెడ్డు ఫొటో దీనితో జత చేశాను. లెక్కలో తప్పుంటే మీ రిజిస్టర్ చూసి దిద్దండి, సంతోషంగా ఒప్పుకుంటాను. పాస్ నంబరు కవరు మీద ఉంది. జవాబు రాతపూర్వకంగా పంపగలరు. ఫోన్ చేస్తే "మీ అభిప్రాయం మాకు విలువైనది" అన్న రికార్డింగ్ తప్ప ఇంతవరకు ఎవరూ పలకలేదు.

వచ్చే శనివారం సాయంత్రం మళ్లీ వస్తున్నాం. రోజంతా తిరిగి గ్రీజు వేడెక్కాక ఆఖరి ట్రిప్పులు వేగంగా వెళ్తాయని మీకు తెలిసే ఉంటుంది. మేం చివరి వరుసలో ఉంటాం. మా తమ్ముడు కూడా వస్తానంటున్నాడు, కింద బ్యాగులు పట్టుకోవడానికి.

ఇట్లు,
మీ పాత సీజన్ పాస్‌దారు