‘పుట్ ఆఫ్’ అంటే రద్దు కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో ఇంగ్లిష్ నేర్పే శీర్షికను నేను ఒక్క వారం కూడా వదలను. ఫ్రేజల్ వెర్బ్స్ (‘పుట్ ఆఫ్’లా క్రియకు ఓ చిన్న మాట తోడై వేరే అర్థమిచ్చేవి) వచ్చిన రోజున మాత్రం మనసు చివుక్కుమంటుంది. పదో పన్నెండో వరసగా ఇచ్చి, ఒక్కోదాని పక్కన ఒక్క తెలుగు మాట పెట్టి ఊరుకుంటున్నారు. అలా మాటకు మాట బట్టీపట్టిన చదువే నాకు ఓ ఉద్యోగం రాకుండా చేసింది.

చదువు పూర్తయిన కొత్తలో ఒక సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. ‘యువర్ ఇంటర్వ్యూ హాజ్ బీన్ పుట్ ఆఫ్.’ అంతే, ఒక్క వాక్యం. లైటు ‘పుట్ ఆఫ్’ చెయ్యమంటే ఆర్పెయ్యమని చిన్నప్పటి నుంచీ విన్న చెవులు నావి. ఇంటర్వ్యూ కూడా ఇక లేదనుకున్నాను. మెయిల్ తెరవడమే మానేశాను. కొత్త తేదీ వచ్చింది, దాటిపోయింది కూడా.

రద్దుకు ‘కాల్ ఆఫ్’ అనే మాట వేరే ఉంది. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం. ఇందులోని ‘ఆఫ్’ స్విచ్ మీది ఆఫ్ కాదు, అవతలికి అని. పనిని ఉన్నచోటు నుంచి తీసి అవతల పెడుతున్నామన్న మాట. ‘పోస్ట్‌పోన్’లో ఉన్నదీ ఇదే. లాటిన్‌లో ‘పోస్ట్’ అంటే తర్వాత, ‘పోనెరె’ అంటే పెట్టడం. ఇది తెలిశాక నాకు మళ్లీ ఎప్పుడూ తికమక రాలేదు.

అదే మనిషి విషయంలో వాడితే అర్థం మారిపోతుంది. ‘హిజ్ టోన్ పుట్ మీ ఆఫ్’ అంటే అతను మాట్లాడిన తీరుకు నా మనసు విరిగిందని. ఇక్కడ వాయిదా అనుకుంటే వాక్యం ముందుకు సాగదు. ఇంకో సంగతి: ‘పుట్ ఇట్ ఆఫ్’ అనాలి, ‘పుట్ ఆఫ్ ఇట్’ అనకూడదు. వెళ్లడం వాయిదా వేశానంటే ‘పుట్ ఆఫ్ గోయింగ్’, ‘టు గో’ కాదు.

నిజానికి ఇలాంటివి తెలుగువాళ్లకు కొత్తా? ‘పిల్లాణ్ణి చూడు’ అన్నదానికీ ‘పిల్లాణ్ణి చూసుకో’ అన్నదానికీ తేడా మనకెవరూ నేర్పలేదు. ‘లుక్ ఎట్’కీ ‘లుక్ ఆఫ్టర్’కీ ఉన్న తేడా అదే. ‘వాయిదా వేశారు’ అన్నప్పుడు వేయడానికి చేతిలో ఏ వస్తువూ ఉండదు, అయినా అర్థమవుతుంది. పాఠం ఇక్కణ్ణుంచి మొదలుపెడితే ఎంత తేలికో!

దయచేసి వారానికి ఒక్కటే తీసుకోండి. నాలుగైదు వాక్యాల్లో దాన్ని నడిపించి చూపండి. మొదటి వారం ‘పుట్ ఆఫ్’నూ ‘కాల్ ఆఫ్’నూ పక్కపక్కనే పెట్టండి. ఇంటర్వ్యూ మెయిళ్ల కోసం ఎదురుచూసే పిల్లలకు ముందు కావలసింది అదే.

ఇట్లు,
ఒక పాఠకురాలు